చెప్పకుండా మార్చిన స్ప్రింగు

ఆ రోజు పొద్దున్న పంజగుట్టలో ఒక అపార్టుమెంటు వెనక, నిద్రగన్నేరు చెట్టు కింద నిలబడి నేనొక అబద్ధం చెప్పాను. చెట్టెక్కబోయే మనిషి నా మొహం చూసి ఒక మాట అడిగాడు. జవాబు నాకు తెలుసు. తెలిసీ వేరేది చెప్పాను. చాలాకాలం దాన్ని అబద్ధం అనుకోలేదు, పరీక్ష చేసే పద్ధతి అనుకున్నాను. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ఇవాళ్టికీ నాకు సరిగా తెలియదు. కానీ ఒక మనిషి పదడుగులు జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు కాబట్టి, అబద్ధం అనే రాస్తున్నాను.

అతను అడిగింది ఇదీ: "ఏం మారింది సార్?"

అది అతని అలవాటు. బోరబండలో ఉండేవాడు. కొమ్మలు కొట్టడం పని. పైన అతను, కింద తాడు పట్టుకుని అతని బామ్మర్ది. ఇరవై ఏళ్లుగా అదే జోడీ. చెట్టు మీద కాలు పెట్టే ముందు కింద ఉన్నవాణ్ణి "ఏం మారింది?" అని అడిగేవాడు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా ఉన్నా కింద ఉన్నవాడు చెప్పాలి. తాడు చివర మూరెడు కోసేశామని, రంపానికి కొత్తగా ఆకురాయి పెట్టించామని, అన్నీ. ఒకసారి బామ్మర్ది, "ఇంట్ల లొల్లయింది బావ, నిద్ర లేదు" అన్నాడు. ఆ రోజు ఎక్కలేదు. చాయ్ తాగి ఇద్దరూ ఇంటికి వెళ్లిపోయారు. "ఏం మారలే" అనే మాట చెవిన పడ్డాకే కాలు చెట్టు మీదికి వెళ్లేది.

నేను అతనికి ఎలా తగిలానో చెప్పాలి. కాకినాడ వైపు నుంచి మెకానికల్ చదివి, అందరిలాగే కంప్యూటరు కోర్సు నేర్చుకుందామని అమీర్‌పేట వచ్చాను. కోర్సు అయింది, ఉద్యోగం కాలేదు. నేర్పిన చోటే కంప్యూటరులో డ్రాయింగు నేర్పే పనికి కుదిరాను. మూడో అంతస్తులో క్లాసు. ఏ గోడ చూసినా కోర్సుల పేర్లే ఉన్న రోజులవి. నెలకో కొత్త బోర్డు లేచేది. బోర్డు లేవగానే దానికి అడ్డం వచ్చే కొమ్మ మీద అందరి కళ్లూ పడేవి. అతనికి ఆ రోజుల్లో చేతినిండా పని. "మీ సాఫ్ట్‌వేరోల్ల పున్యాన చెట్లకు క్షవరం ఆగుతలేదు సార్" అని నవ్వేవాడు.

మా బోర్డుకి అడ్డమొచ్చిన వేపకొమ్మ కొట్టడానికి వచ్చినప్పుడు, క్లాసు కిటికీలోంచి అతన్ని మొదటిసారి చూశాను. నడుముకి ఒట్టి తాడు కట్టుకుని, దాని ముడిని తనే చేత్తో జరుపుకుంటూ పైకి పాకుతున్నాడు. ఆ వేళ నేను పిల్లలకి నేర్పుతున్నది ఒక బిగింపు పరికరం బొమ్మ. తెర మీద బొమ్మ, కిటికీలో మనిషి. ఇతనికి తాడు మీద దానంతటదే పట్టుకునే సాధనం ఒకటి చేస్తే అనిపించింది. కాలేజీ వదిలాక చేత్తో పట్టుకునే వస్తువు ఒక్కటీ తయారుచేయలేదు నేను. ఆ ఆకలి కూడా ఉంది. అతను చెట్టు దిగాక వెళ్లి చెబితే, చూద్దాం అన్నాడు.

బల్కంపేటలో ఎల్లమ్మ గుడికి వెళ్లే దారిలో ఒక లేతు షాపు ఉండేది. అక్కడే ఏడు నెలల పాటు దాన్ని చేశాం. రెండు ఇనపరేకుల మధ్య తాడు వెళుతుంది. లోపల పళ్లున్న చిన్న ఇనప ముక్క, దాని వెనక స్ప్రింగు. మనిషి పైకి జరిగితే ఆ పళ్లు తాడుని వదులుతాయి, బరువు పడితే కరిచి పట్టుకుంటాయి. కిందికి దిగాలంటే పక్కనున్న మీటని బొటనవేలితో ఒత్తాలి. నడుం పట్టీకి కట్టుకుంటే చెట్టుని కరుచుకున్నట్టు కనబడుతుందని అతను దానికి తొండ అని పేరు పెట్టాడు. మేమందరం అదే అనడం మొదలుపెట్టాం.

నేను ప్రతిదాన్నీ షాపు దూలానికి తాడు కట్టి, ఇసుక సంచులు వేలాడదీసి పరీక్షించేవాణ్ణి. మనిషి బరువుకి రెట్టింపు వేసేవాణ్ణి. అతను చూసి నవ్వేవాడు.

"సంచి ఎటూ పోదు సార్. ఏలాడేస్తె ఏలాడ్తది. కొమ్మ మీద నిలబడ్తదా? కోపమొస్తదా దానికి? చీమ కుడ్తె దులుపుకుంటదా?"

"నువ్వు దులుపుకున్నా పట్టుకునేలా చేస్తాలే అన్నా."

"చెయ్యి. గప్పుడు నీకు చెట్టు మీదనే చాయ్ పోస్త."

ఆ మాటకి నవ్వానే కానీ, సంచికి చీమ కుట్టదన్న దాంట్లో ఏముందో ఆలోచించలేదు.

తొండ బాగానే పట్టుకునేది. ఒక్కటే ఇబ్బంది. మీట బిగువు. నాలుగైదు చెట్లు దిగేసరికి బొటనవేలు వాచేది. "నొస్తుంది సార్, జర మెత్తగ చెయ్యరాదు?" అని రెండు మూడుసార్లు అడిగాడు. సరే అన్నాను. ఇక్కడే నాకు ఇంకో చిక్కు ఉండేది. నేను ఏ మార్పు చేసి చెప్పినా, అతను ఎక్కకముందే "మస్తుగున్నది సార్" అనేవాడు. నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక. ఆ మెచ్చుకోలు నాకు దేనికీ పనికొచ్చేది కాదు. చెప్పకుండా మార్చి ఇస్తే, తేడా తెలిసి తనే అంటాడు కదా, అదే నిజమైన ఫలితం కదా అనుకున్నాను. దిగి వచ్చి బొటనవేలు చూసుకుని, "ఇయ్యాల నొస్తలేదేంది?" అని అతను ఆశ్చర్యపోవడం, నేను నవ్వి అప్పుడు చెప్పడం, ఇదంతా ముందే మనసులో చూసుకున్నాను కూడా. అది పరీక్షో, పొగడ్త కోసం పడిన ఆశో, విడదీయలేను.

ముందురోజు, మీట తేలిగ్గా ఒత్తుకునేలా మెత్తటి స్ప్రింగు వేశాను. ఇసుక సంచులు వేలాడదీశాను. పట్టుకుంది. పైకి చూస్తే పాత తొండకీ దీనికీ తేడా లేదు.

నిద్రగన్నేరు కింద బామ్మర్ది ఎప్పటిలాగే, "ఏం మారలే బావ" అన్నాడు. అతను నా వైపు తిరిగాడు.

"ఏం మారింది సార్?"

"ఏం లేదు. అదే" అన్నాను.

అతను ఎక్కాడు. నడుముకి తొండ ఉన్నా, పాత తాడు ఒకటి తనకు కట్టుకుని, కొమ్మ పంగ మీదుగా వేసి రెండో చివర బామ్మర్ది చేతికి ఇచ్చే అలవాటు మానలేదు. ఆ అలవాటే ప్రాణం కాపాడింది. ముప్పై అడుగుల ఎత్తులో ఒక అడ్డకొమ్మ మీద నిలబడి రంపం వేశాడు. నిలబడ్డాడు కాబట్టి తొండ మీద బరువు లేదు. కొమ్మ తెగి పడింది. మళ్లీ తాడు మీదికి వెనక్కి వాలాడు. తొండ పట్టుకోలేదు.

ఒక అరుపు వినబడింది. ఆకుల మధ్య నుంచి అతను జరజరా కిందికి వచ్చాడు. పాత తాడు నాలుగడుగులు ఈడ్చుకుపోయినా, బామ్మర్ది ప్రహరీకి కాలు తన్ని ఆపాడు. అరచేతుల చర్మం ఊడింది. పైన అతను కింది కొమ్మకి గుద్దుకుని, ఎడమ చెయ్యి తేడాగా వేలాడుతూ ఆగిపోయాడు. దింపేసరికి అతని మొహంలో నొప్పి కన్నా ఏమీ అర్థంకానితనం ఎక్కువ కనిపించింది. నా మొహం ఎలా ఉందో తెలియదు. పట్టుకుంది కదా, నిన్న పట్టుకుంది కదా అని ఒకటే మాట తిరుగుతోంది బుర్రలో.

అపార్టుమెంటు సెక్రటరీగారు లుంగీ ఎగదోపుకుంటూ వచ్చారు. రిటైరైన పెద్దాయన, మా వైపు వారే.

"ఏంటండీ ఇది? పొద్దున్నే పుచ్చుకుని ఎక్కాడా?"

"అయ్యో, లేదండీ. అలాంటి మనిషి కాదు."

"మరి? మీ సాధనం గట్టిదన్నారుగా?"

"గట్టిదేనండీ. బొటనవేలు మీట మీద పడి ఉంటుంది."

తాగాడన్న మాట నుంచి అతన్ని తప్పించాననే అనుకున్నాను ఆ క్షణంలో. నన్ను నేను తప్పించుకున్నానని ఆటోలో కూర్చున్నాక తెలిసింది. అప్పటికి ఆయన వాచ్‌మన్‌తో, పక్క అపార్టుమెంటు వాళ్లతో చెప్పడం మొదలుపెట్టేశారు.

ఆసుపత్రిలో కట్టు వేశాక అతను నన్ను దగ్గరికి పిలిచాడు.

"నేను మీట ఒత్తిన్ననా సార్? ఒత్తలే అనిపిస్తుంది. గని నువ్వు ఒత్తిన్నంటున్నవంట. కిందికెల్లి నీకు కనపడ్డదా?"

ఆకులు తప్ప నాకేమీ కనబడలేదు.

"కనబడినట్టే ఉంది" అన్నాను.

"అట్లనా" అని తన కుడిచేతి బొటనవేలు వైపు చూసుకున్నాడు. "అయితే ఒత్తిన్నేమో."

ఇక ఆ తర్వాతి రెండు వారాలు నేనేం చేశానో చెబితే నవ్వొస్తుంది. క్లాసులు ఎగ్గొట్టి బల్కంపేట షాపులో కూర్చుని ఆ తొండకి ఇసుక సంచులు వేలాడదీశాను. పట్టుకుంది. పాత స్ప్రింగు వేసి చూశాను. పట్టుకుంది. కొత్తది వేశాను. పట్టుకుంది. లేతు పనివాడు, "సార్, అది పడతనే ఉంటది. జారాలని మొక్కుతున్నవా ఏంది?" అన్నాడు. నిజమే. జారాలని మొక్కుతున్నాను. జారితే తప్పు స్ప్రింగుదని, నాదని తేలిపోతుంది. జారకపోతే అతని వేలిదని తేలుతుంది. అలా తేలడం నాకు ఇష్టమో కాదో కూడా తెలియడం లేదు. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి కోరుకునేవాణ్ణి.

ఒకరోజు సంచులు పక్కన పెట్టి పట్టీ నేనే కట్టుకున్నాను. స్టూలు మీద నిలబడ్డాను. తాడు మీదికి వాలాను. లేచాను. వాలాను. నలభై, యాభై సార్లు. ప్రతిసారీ పట్టుకుంది. అప్పుడు తాడు మీద ఉన్న బెరడు పొడి, చెట్టు జిగురు గుర్తొచ్చాయి. షాపు బయట నుంచి గుప్పెడు బెరడు తెచ్చి నలిపి తాడుకి రాశాను. మళ్లీ వాలడం, లేవడం. చాలాసేపటికి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సర్రున జారి స్టూలు మీద కూలబడ్డాను. మళ్లీ ఎన్నిసార్లు చేసినా జారలేదు. పాత స్ప్రింగుతో అసలు జారలేదు. కానీ దాంతో అన్నిసార్లు చేసే ఓపిక అప్పటికి నాకు లేదు. పైగా జారినప్పుడు నా వేలు మీట మీద ఉందా లేదా అని నన్ను నేను ప్రశ్నించుకుంటే, ఒట్టేసి చెప్పలేకపోయాను. నా వేలి సంగతి నాకే తెలియలేదు. అతని వేలి సంగతి మాత్రం కింద నిలబడి చూశానని చెప్పాను.

స్ప్రింగు మెత్తదైతే, బరువు లేనప్పుడు పళ్లు తాడుని అంటిపెట్టుకుని ఉండవు. సందులో బెరడు ముక్క ఇరుక్కుంటే కరవవు. కాగితం మీద రాస్తే ఇది సరైన కారణం లాగే ఉంది. అయినా ఇదే జరిగిందని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ వారంలోనే బామ్మర్ది చేతులకి గుడ్డలు చుట్టుకుని ఇన్‌స్టిట్యూట్ మెట్ల దగ్గరికి వచ్చాడు.

"సార్, పని ఇస్తలేరు. గా సెక్రటరీ సారు అందరికీ చెప్పిండు, చెయ్యి ఆగని మనిషని. గది సుత పోనీ. బావ నిచ్చెన దిక్కు చూస్తలేడు. చెయ్యి తగ్గినంక సుత ఎక్కనంటుండు. కుడి చెయ్యి ముంగట పెట్టుకుని చూస్కుంట కూసుంటుండు. ఇదే పట్టు తప్పిందంటుండు. పిచ్చి లేస్తుంది సార్ నాకు."

అతనికి విరిగింది ఎడమ చెయ్యి. నేను చెడగొట్టింది కుడి చెయ్యి. ఆ మాట విన్నాక ఇసుక సంచుల దగ్గరికి మళ్లీ వెళ్లలేదు. కారణం తేలాక చెబుదామని అప్పటిదాకా అనుకుంటున్నాను. కారణం తేలదని, తేలకుండానే చెప్పాలని మెట్ల మీద నిలబడ్డప్పుడు అర్థమైంది.

ఆదివారం బోరబండ వెళ్లాను. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య కుర్చీ తెచ్చి వేసింది. నేను అరుగు మీదే కూర్చున్నాను.

"అన్నా, ఆ రోజు నేను స్ప్రింగు మార్చాను. నువ్వు అడిగితే ఏం లేదన్నాను. నీ వేలు ఒత్తడం నేను చూడలేదు. చూశానని చెప్పాను."

అతను కుడి చెయ్యి తిప్పి చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు:

"అయితే నా చెయ్యి కాదు."

"అదీ తెలియదు అన్నా. చెయ్యి కావచ్చు, స్ప్రింగు కావచ్చు. ఎంత చూసినా తేలలేదు. నేను మార్చిన మాట, నీకు చెప్పని మాట మాత్రం నిజం."

"తెల్వకపోవుడేంది? ఇంజినీరువి నువ్వు."

"తెలియదు."

"ఎందుకు మార్చినవ్?"

"నీ వేలు నొప్పి అన్నావు కదా."

"నేనే అడిగిన్నా?" అన్నాడు. ఇతను ఇప్పుడు తన మీదే వేసుకుంటాడేమో అని భయపడ్డాను. వేసుకోలేదు. గొంతు పెద్దదైంది. "మెత్తగ చెయ్యమన్న. చెప్పకుంట చెయ్యమన్ననా? నీ మొకం చూసి అడిగిన గదా సార్! బామ్మర్దిని అడిగిన, నిన్ను సుత అడిగిన. నువ్వు మాలో ఒకనివని అడిగిన!"

లోపలి నుంచి భార్య, "జర మెల్లగ" అంది. "నువ్వూకో" అన్నాడు. నేను తలవంచుకుని ఉన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే వెంటనే పోనియ్ సార్ అనేస్తాడని, అది కూడా మస్తుగున్నది సార్ లాంటిదే అవుతుందని తోచింది.

ఆఖరికి అతనే, "పదిహేను రోజులాయె నాకు నిద్ర లేక. ఇది నా చెయ్యేనా అని చూస్కుంటున్న" అన్నాడు. కోపం తగ్గిందో లేదో తెలియలేదు. "నాకు చెప్పుడు కాదు. వాళ్లకు చెప్పు. నువ్వు చెప్పిన మాటనే తిరుగుతుంది ఆడ."

మర్నాడు సెక్రటరీగారి దగ్గరికి వెళ్లాను. విని, తలుపు దగ్గరికి వేశారు.

"ఇప్పుడెందుకండీ ఇదంతా? ఎవరూ అడగలేదు కదా. కేసులూ గీసులూ అయితే మీకే చుట్టుకుంటుంది. చదువుకున్నవారు, మీకు తెలియందేముంది?"

"నాకు తెలియందే చెబుతున్నానండీ. అతని చెయ్యి తప్పని నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పాను."

ఆయన అయోమయంగా చూశారు. ఆ చూపుకి నేను ఆయన్ని తప్పుపట్టలేను. తప్పు ఎవరిదో తెలియదంటూ తప్పు నాదనడానికి వచ్చినవాణ్ణి ఏమనుకోవాలి మరి? కానీ నేను లేవలేదు. వచ్చే ఆదివారం సంఘం సమావేశం ఉందని, అక్కడ చెప్పుకోమని అన్నారు చివరికి.

చెప్పాను. పదిహేనుమంది ఉన్నారు. సగం మందికి లిఫ్టు సంగతే కావాలి. ఒకాయన, "ఇంతకీ స్ప్రింగేనా కారణం?" అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ తెలియదనే చెప్పాను. మార్చిన సంగతి దాచింది నేనని, అతను ఇరవై ఏళ్లలో అంతకుముందు జారింది లేదని కూడా చెప్పాను. అదే తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, సెక్రటరీగారి అనుమతితో లిఫ్టు పక్కనున్న నోటీసు బోర్డుకి గుచ్చాను.

ఆ తర్వాత బామ్మర్ది దగ్గర అతను పనిచేసిన అపార్టుమెంట్ల పేర్లు రాయించుకున్నాను. పంజగుట్టలో ఆరు, అమీర్‌పేటలో తొమ్మిది. పొద్దున్న క్లాసు మొదలయ్యేలోపు రోజుకి ఒకటి రెండు చొప్పున తిరిగాను. కొన్నిచోట్ల వాచ్‌మన్ గేటు దాటనివ్వలేదు. కోర్సుల పాంప్లెట్లు పంచేవాణ్ణనుకున్నాడు. అలాంటిచోట కాగితం చదివి వినిపించాను. ఒకతను మొత్తం విని, "అంటే ఆ మనిషిని రానియ్యొచ్చా, వద్దా? అది చెప్పున్రి" అన్నాడు.

"రానివ్వొచ్చు. నన్ను రానివ్వకండి" అన్నాను.

అమీర్‌పేటలో ఆఖరి అపార్టుమెంటులో రెండో అంతస్తు ఆవిడ కాగితం అక్కడే నిలబడి చదివి, తురాయి కొమ్మ బాల్కనీలోకి వచ్చేసిందని, అతన్నే పంపమని అడిగారు. కట్టు విప్పడానికి ఇంకా మూడు వారాలు పడుతుందన్నాను. పర్వాలేదు, ఆగుతామన్నారు. ఫ్లాటు నంబరు రాసుకున్నాను. అక్కడి నుంచి క్లాసుకి వెళ్లలేదు. బోరబండ బస్సెక్కి, ఆ కాగితం ముక్క అతని చేతికిచ్చాను.

అతను చదవలేడు. భార్యని పిలిచి చదివించుకున్నాడు. తర్వాత దాన్ని కుడిచేత్తో మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "తురాయి కొమ్మ పెళుసుంటది" అన్నాడు.